వాత పెట్టిన చెయ్యి

మా వార్డులో ఎవరో ఒకరు ఇంకొకరి చొక్కా పట్టుకోని రోజు ఉండదు. క్యాన్సరు వార్డంటే అందరూ గుసగుసగా మాట్లాడుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ ఉంటారని బయటివాళ్లు అనుకుంటారు. ఒకసారి వచ్చి చూడమనండి. మంచం దొరకలేదని ఒకడు, సెలైను సీసా ఆలస్యమైందని ఒకడు, మా నాయనకు జబ్బు పేరు ఎందుకు చెప్పారని ఇంకొకడు మీదికి వస్తాడు. గుట్కా నమిలి దవడ పోగొట్టుకున్న మనిషి నొప్పికి తాళలేక, అన్నం పెట్టబోయిన పెళ్లాన్ని ఎగిరి తన్నడం చూశాను. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది. మెత్తగా ఉండి ఉంటే అనంతపురంలో, ఈ వార్డులో, ఇన్నేళ్లు నిలబడేదాన్ని కాదని నా నమ్మకం.

ఆ మొగుడూ పెళ్లాలు వచ్చింది ఎండాకాలం మొదట్లో. కంబదూరు అవతల పల్లె. గొర్రెలు కాసుకుని బతికేవాళ్లు. ఆమెకు నలభై ఉంటాయేమో. రవిక మీద తువ్వాలు మడతలు పెట్టి కప్పుకుని, చెయ్యి దాని మీదే ఉంచుకుని నడిచి వచ్చింది. ఆమెకంటే ముందు ఆ వాసన వార్డులోకి వచ్చింది. పక్క మంచాలవాళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

తువ్వాలు తీసి చూస్తే ఎడమ రొమ్ము సగానికి సగం లేదు. పుండు విచ్చుకుని, అంచులు నల్లబడి, లోపల పురుగులు మెదులుతున్నాయి. జబ్బు ఒక్కటే చేసిన పని కాదది. పుండు చుట్టూ వేలెడు పొడుగున కాలిన గీతలు, ఒకదాని మీద ఒకటి, అడ్డంగా నిలువుగా ఉన్నాయి. ఎర్రగా కాల్చిన ఇనప కడ్డీ ఆనిస్తే పడే గీతలవి.

“ఎవరు పెట్టింది ఈ వాతలు?” అన్నాను.

“నేనే సిస్టరమ్మా,” అన్నాడు మొగుడు.

ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది.

“నీకు చెయ్యెట్ల వచ్చెనప్పా? ఆయమ్మ నీ పెండ్లామా, మందలో పొట్టేలా?”

అతను తలవంచుకున్నాడు. జవాబు చెప్పనివాణ్ని చూస్తే నాకు ఇంకా మండుతుంది. ఆ రోజు నేను తిట్టిన తిట్లు రాస్తే అచ్చు వేయరు.

మా సీమలో వాత కొత్తదేం కాదు. గొర్రెకు కాలు వాచినా, గొంతు కింద గడ్డ లేచినా కాపరి మొదట చేసే పని కడ్డీ కాల్చడం. ఇద్దరు కాళ్లు అదిమి పట్టుకుంటే ఒకరు వాత పెడతారు. కొన్ని బతుకుతాయి. బతికినవి వాత గొప్పతనంలోకి జమ అవుతాయి, చచ్చినవి కూరలోకి పోతాయి, కాబట్టి వాత మీద నమ్మకం ఎప్పటికీ చెడదు. మనుషులకూ పెడతారు. చిన్నప్పుడు పామిడి దగ్గర మా ఊళ్లో నాకు కామెర్లు వస్తే మా నాయన ఎడమ మణికట్టు మీద వాత పెట్టించాడు. ఆ మచ్చ ఇంకా ఉంది. కాలిన నొప్పి మరిచిపోయాను కానీ నన్ను కదలకుండా నేలకు అదిమి పట్టుకున్న మనుషుల బరువు మరిచిపోలేదు. ఆ కామెర్లు వాటంతట అవే తగ్గేవని నర్సింగు చదివేటప్పుడు తెలిసింది. అప్పటి నుంచి వాత అన్న మాట వింటేనే నా ఒళ్లు మండుతుంది.

పుండులో టర్పెంటైను చుక్కలు వేసి, పైకి తేలిన పురుగులను చిన్న పటకారుతో ఒక్కొక్కటే తీశాను. ఆమె మంచం పట్టీని రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి పడుకుంది. గొంతులోంచి ఒక మూలుగు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంది. మొగుడు రేకు బేసిను పట్టుకున్నాడు. అతని చేతులు వణికి బేసిను మంచానికి కొట్టుకుంది.

“నిమ్మళంగా పట్టుకో. వాత పెట్టేటప్పుడు వణకలేదు గదా,” అన్నాను.

అతను బేసినును పొట్టకు ఆనించుకుని పట్టుకున్నాడు.

ఆ పుండును రోజూ కడిగి, మాత్రలు పొడి చేసి చల్లి, కట్టు కట్టడం నా పని. మాత్రల పొడికి వాసన తగ్గుతుంది. కట్టు కడుతూ అతన్ని తిట్టడం కూడా నా పనిలో భాగమైపోయింది. వార్డు కూడా నాతో కలిసింది. పేషంట్ల తాలూకు ఆడవాళ్లు అతనికి వాతల మామ అని పేరు పెట్టారు. టీకి పోతూ వస్తూ “ఏం వాతల మామా, ఈపొద్దు యాడ కాలుస్తాండావు?” అని అడిగేవాళ్లు. అతను నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. వంటగది దాకా పోయి వేడినీళ్లు తెచ్చేవాడు. ఆమె తల దువ్వేవాడు.

కొన్నాళ్లకు దువ్వడానికి జుట్టు లేకుండా పోయింది. పెద్ద డాక్టరుగారు ముందు మందులు ఎక్కించి పుండును కుదించాలన్నారు. ఆ మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది. మేం ఎర్రమందనే అంటాం. నరం దాటి ఒక్క చుక్క బయట పడితే కండ కాలి ఊడుతుంది. అందుకే అది పోసినంతసేపు నేను సూది మీద నుంచి చూపు తిప్పను, ఎవరినీ మాట్లాడనివ్వను.

“ఇది కూడా వాతేనా అక్కా?” అని అడిగింది ఆమె, మొదటిసారి ఎక్కిస్తుంటే.

“ఔ, లోపల పెట్టే వాత. కానీ దీన్ని మీ ఆయన చేతికి ఇయ్యంలే,” అన్నాను.

ఆ మందు ఆమెను కుక్కను కొట్టినట్టు కొట్టింది. కడుపులో ఏమీ లేకపోయినా పేగులు బయటికి వచ్చేలా వాంతులు. నోరంతా పూసి, నీళ్లు తాగినా మంట. జుట్టు దిండు మీద కుప్పగా ఊడింది. ఒకరోజు మొగుడు గంజి తాగమని బతిమాలుతుంటే స్టీలు గ్లాసు తీసుకుని అతని మొహం మీదికి విసిరింది. కనుబొమ మీద చీలి రక్తం కారింది. నాకు లోలోపల సంతోషమే అయింది, దాచుకోను. “ఇంకొకటి వేయి పాపా,” అన్నాను. ఆమె నా వైపు చూసి భోరుమని ఏడ్చింది. మందు పెట్టే బాధకు ఏడుస్తోందనుకున్నాను.

అంత కొట్టినా మందు పని చేసింది. పుండు ముడుచుకుంటూ వచ్చింది. కొత్త కండ ఎర్రగా, శుభ్రంగా కనబడింది. పెద్ద డాక్టరుగారు వేళ్లతో నొక్కి చూసి, “ఇప్పుడు కోస్తే ఈమె బతుకుతుంది. ఇంకా జాగు చేస్తే ఎముకలోకి పోతుంది, తర్వాత నన్ను అడగొద్దు,” అన్నారు. ఆపరేషనుకు రోజు కూడా చెప్పారు. ఆ మాట విని ఆమె చానా రోజులకు కడుపునిండా అన్నం తినింది.

ఆమె అన్నదమ్ములకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆపరేషనంటే పుట్టింటివాళ్లకు చెప్పాలి కదా అని మొగుడే ఫోను చేశాడు. సోమందేపల్లె దగ్గర హైవే పక్కన పెద్దవాడికి టైర్ల పంక్చరు అంగడి. చిన్నవాడికి కూడా అక్కడే పని. ఇద్దరూ సరిగ్గా నేను కట్టు విప్పిన సమయానికి వార్డులోకి వచ్చారు. చెల్లెలి గుండు, ఆ పుండు, దాని చుట్టూ నల్లటి వాతలు ఒకేసారి చూశారు.

“ఏందప్పా ఇది?” అన్నాడు పెద్దవాడు.

పక్క మంచం ముసలామె ఊరుకోకుండా, “ఇంకేమి, మీ బావ చేసిన వైద్యం,” అంది.

ఆ తర్వాత జరిగింది చెప్పినంతసేపు పట్టలేదు. పెద్దవాడు సెలైను స్టాండు పీకి మొగుడి తల మీద కొట్టాడు. సీసా పగిలి నేలంతా నీళ్లు, గాజు. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బకు ఆ ముంజేయి విరిగిన చప్పుడు నాకు వినబడింది, ఎండిన కట్టె విరిచినట్టు. కింద పడితే చిన్నవాడు డొక్కలో తన్నాడు. పగిలిన గాజు మీద అతను ఇటు అటు పొర్లాడు. వీపంతా చీరుకుపోయింది. తిరిగి ఒక్క దెబ్బ కొట్టలేదు. నేను మధ్యలో దూరాను. పెద్దవాడి మోచెయ్యి నా మూతికి తగిలి ముందు పన్ను సగం విరిగింది. నేను వాడి జుట్టు పట్టుకుని వంచి, అరచేతితో వీపు మీద ఎన్ని వేశానో నాకే తెలియదు. ఆయా చీపురు తిరగేసి చిన్నవాణ్ని బాదింది. ఆమె మంచం మీద నుంచి అరుస్తోంది. కట్టు లేని పుండులోంచి రక్తం కారుతోంది. ఏమని అరుస్తోందో ఆ గోలలో ఎవరూ వినలేదు.

ఔట్‌పోస్టు కానిస్టేబులు వచ్చేసరికి అన్నదమ్ములు గోడ దూకి పోయారు. మొగుడికి తలమీద కుట్లు, చేతికి సిమెంటు కట్టు పడ్డాయి. ఎవరు కొట్టారని కానిస్టేబులు అడిగితే, “నీళ్లల్లో జారి పడినా సార్,” అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వూ మంటా రెండూ వచ్చాయి. అతను జారి పడ్డాడు సరే, నా పన్ను జారి పడలేదు. నేను ఫిర్యాదు రాసిచ్చాను. ఆసుపత్రిలో పని చేసేవాళ్లను కొడితే కేసు గట్టిగానే ఉంటుంది. అన్నదమ్ములు పావగడ వైపు బంధువుల ఇంట్లో దాక్కున్నారని తర్వాత తెలిసింది.

గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు, ఆపరేషనుకు ముందు చేసిన పరీక్షలో ఆమె ఒంట్లో రక్తం సరిపోదని తేలింది. రక్తం ఎక్కించకుండా కోయలేమన్నారు మత్తు డాక్టరు. ఆమెది నెగటివ్ గ్రూపు. మా దగ్గర నిల్వ లేదు. ఊళ్లో ఆ గ్రూపువాళ్లు కొద్దిమందే. అందరికీ ఫోన్లు చేశాం. ఒకరు ఈమధ్యే ఇచ్చారు, ఒకరు బెంగళూరులో ఉన్నారు. మొగుడి వైపువాళ్లు మేత వెతుక్కుంటూ మందలతో ఎక్కడెక్కడికో పోయారు. వాళ్లు దొరికినా ఆ గ్రూపు కలుస్తుందని నమ్మకం లేదు.

“మా పెద్దన్నది నాదీ ఒకే రక్తం అక్కా. అన్న లారీ కింద పడి కాలు విరిగినప్పుడు ఇద్దరికీ చూసి చెప్పినారు,” అంది ఆమె.

నేనే ఫోను చేశాను. “నీ చెల్లెలికి నీ రక్తం కావాల,” అన్నాను.

“ఇస్తా సిస్టరూ. ముందు కేసు తీయ్.”

“ముందు రక్తమియ్యి. కేసు సంగతి యాపొద్దైనా మాట్లాడుకుందాం.”

“నన్ను ఆడికి రప్పిచ్చి పోలీసోళ్లకు పట్టిస్తావు. నాకు తెల్దా?”

“నేల మింద వార్చినావు గదరా అంత రక్తం, పక్కోనిది. నీది ఒక సీసా ఇయ్యడానికి ఇంత భయమా?”

ఫోను పెట్టేశాడు. డాక్టరుగారు ఆపరేషనును వారం వెనక్కి జరిపారు. అంతకంటే జరపడం కుదరదని కూడా చెప్పారు. కేసు వాపసు తీసుకుంటే పోయేదేముంది అని తోటి నర్సు ఒకామె నాకు బుద్ధి చెప్పింది. మూతి వాచి అన్నం నమలలేకపోతున్నది నేను. ఆమె బాగానే నములుతోంది. అయినా రెండు రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆ మంచం వైపు పోయినప్పుడల్లా ఆమె ఏమీ అడగకుండా నా మొహం చూసేది. అది తిట్టినదానికంటే ఎక్కువగా గుచ్చుకునేది.

ఆఖరికి ఒక పొద్దున అన్నదమ్ములు వచ్చారు. ఎనిమిదికే పెద్దవాడి దగ్గర సారాయి వాసన. ధైర్యానికి వేసుకున్నట్టున్నాడు. మంచం పక్కన నిలబడి, చెల్లెలి వైపు కూడా చూడకుండా నాతో బేరం మొదలుపెట్టాడు.

“స్టేషనుకు పోయి కేసు లేదని రాసియ్యి. ఆడ్నుంచి నేరుగా రక్తం గదికి పోదాం.”

“రాయను.”

“అట్లయితే నేనూ ఇయ్యను. దాని పానం పోతే నీదే పాపం.”

“నాది కాదురా, నీది. తోడబుట్టినోడివి నీవు.”

“తోడబుట్నోణ్ని కాబట్టే కొట్టినా. ఆడదాని రొమ్ముకు కడ్డీ పెట్టినోణ్ని ఇడ్సిపెట్టాల్నా? నరికింటే సరిపోయుండు.”

ఆమె లేచి కూర్చుంది. ఒక చేత్తో కట్టు పట్టుకుని, ఇంకో చేత్తో మంచం పట్టీ పట్టుకుంది.

“అన్నా, కడ్డీ పెట్టుకునింది నేను.”

ఎవరికీ అర్థం కాలేదు. మొగుడు కుర్చీలోంచి లేస్తూ, “మ్మేయ్, గమ్మునుండు,” అన్నాడు.

“ఎన్నాళ్లు గమ్మునుండేది?” అంది ఆమె. అన్న వైపే చూస్తూ చెప్పింది. “గడ్డ లేసినాదని ఆయప్పకు చెప్తి. వాత పెట్టు, పోతాది అంటి. గొర్రెకు పెట్టే చెయ్యే గాని నీకు రాదు, ఆస్పత్రికి పోదాం పా అన్నాడు. మంద ఈనే కాలం. ఇడ్సిపెట్టి యాడికి పోయేది? ఆయప్ప గొర్లు తోలకపోయినంక నేనే పొయ్యిలో కాల్చి పెట్టుకుంటి. తగ్గల్యా. మళ్లా పెట్టుకుంటి. పుండయినాకనే ఆయప్ప చూసింది. మీరు కొడ్తాంటే ఇదే అర్సినా. ఒక్కరు ఇనల్యా.”

నా చేతిలో కట్టు సామాను ఉన్న స్టీలు ట్రే ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు. ఆ వాతలు నేను రోజూ చూశాను, రోజూ కడిగాను. ఒక మనిషి తన చేత్తో తన రొమ్ము మీద ఎర్రటి కడ్డీ ఆనించుకుని, మళ్లీ కాల్చి, మళ్లీ ఆనించుకోగలదని నా ఊహకు కూడా రాలేదు. ఆమెను ఎవరూ అదిమి పట్టుకోలేదు.

పెద్దవాడి మొహం ముందు నల్లబడింది, తర్వాత ఎర్రబడింది. “నీ వల్లనా? నీ వల్లనా మేము దొంగల మాదిరి తిరుగుతాండేది?” అంటూ చెయ్యెత్తి ఆమె మీదికి పోయాడు. నిండా బలంతో ఎత్తిన చెయ్యి. ఆ దెబ్బ పడి ఉంటే ఆమె మంచం అవతల పడేది. మొగుడు మధ్యలోకి వచ్చాడు. విరిగిన చేతి సిమెంటు కట్టు మీదనే పడింది దెబ్బ. అతను గట్టిగా కేకపెట్టి మోకాళ్ల మీద కూలబడ్డాడు. పెద్దవాడు మళ్లీ చెయ్యెత్తాడు. నేను ట్రేతో వాడి చెవి మీద కొట్టాను. కత్తెర, దూది, సీసాలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. ఇంకొకటి మొహం మీద కొట్టాను. ముక్కులోంచి రక్తం కారి చొక్కా మీద పడింది. వాడు మంచం కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు.

“పో, నా మింద కేసు పెట్టుకోపో,” అన్నాను. “నేను నీ మింద పెట్టిన కేసు తీయను. తీయనంటే తీయను. ఇప్పుడు లేసి రక్తమిస్తావా, ఇయ్యవా?”

వాడు ముక్కు తుడుచుకుంటూ చెల్లెలి వైపు చూశాడు. వచ్చినప్పటి నుంచి వాడు ఆమె మొహం చూడడం అదే మొదలు. కనుబొమలు కూడా లేని ఆ మొహాన్ని కొంచెంసేపు చూసి, లేచి నా వెంట వచ్చాడు.

రక్తం తీసే గదిలో అమ్మాయి వాసన పట్టి, తాగినవాళ్ల దగ్గర తీయడానికి లేదంది. రేపు పొద్దున తాగకుండా వస్తే చూద్దామంది. వీడు ఇక మళ్లీ రాడు అనుకున్నాను. చిన్నవాడు కూడా వెళ్లిపోదాం పద అని చెయ్యి పట్టి లాగాడు. పెద్దవాడు కదల్లేదు. వార్డు బయట వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎండ కాళ్ల మీదికి వచ్చినా జరగలేదు. కానిస్టేబులు వచ్చి చూస్తే, రక్తం ఇచ్చేదాకా ముట్టుకోవద్దని నేనే చెప్పాను.

సాయంత్రం డ్యూటీ దిగే ముందు మొగుడి చేతికి మెడపట్టీ సరిచేద్దామని వరండాలోకి పోయాను. అతను పెద్దవాడి పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మధ్యా టీ గ్లాసులు ఉన్నాయి. దెబ్బ తగిలిన చోట సిమెంటు కట్టు పగుళ్లిచ్చి ఉంది. నేను పట్టీ ముడి విప్పుతుండగా పెద్దవాడు అడిగాడు.

“ఆ పొద్దు మేము తంతాంటే ఏల చెప్పల్యా? నేను కాదు, అది పెట్టుకునింది అని ఒక్క మాట అనింటే సరిపోతుండె గదా?”

అతను తల దించుకుని తన కట్టు వైపు చూసుకున్నాడు.

“చెప్పింటే నన్నిడ్సి దాన్ని కొట్టింటారు బావా,” అన్నాడు.

నాకైనా చెప్పి ఉండొచ్చు కదా అని అడగబోయి ఆగిపోయాను. చెప్పి ఉంటే ఆ పుండు కడుగుతూ, ఆ కత్తిలాంటి నోటితో, రోజూ నేను ఆమెను తిట్టి ఉండేదాన్ని. అది అతనికి నన్ను చూసిన మొదటిరోజే తెలిసిపోయి ఉంటుంది. నా చేతిలో ముడి పడలేదు. కళ్లనిండా నీళ్లు రావడంతో పట్టీ కనబడలేదు.

మరునాడు పొద్దున పెద్దవాడు రక్తమిచ్చాడు. ఆ పైరోజు ఆమెకు ఆపరేషను చేశారు. థియేటరు తలుపు మూసుకున్నాక ఇద్దరు మగవాళ్లూ బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. పెద్దవాడు చెయ్యి జరిపినప్పుడల్లా మొగుడు ఉలిక్కిపడుతూనే ఉన్నాడు.